లెక్కకెక్కని పరుగులు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలుదారి మీది ఊళ్ళు. ఈ మూడు ఊళ్ళ పాఠశాలల మైదానాలలోనూ ఆదివారం ఉదయం కనిపించే దృశ్యం ఒక్కటే. బ్యాటు పట్టే వంతు కోసం పిల్లలు పోట్లాడుకుంటారు. వికెట్ల వెనుక నిలబడమంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చివరకు నోరులేని పిల్లవాడెవడో ఆ చోటుకు వెళతాడు. జట్టును ఎంపిక చేసేనాటికి వాడి పేరుకు ఎదురుగా ఉన్న పరుగుల గడిలో ఏ పదో పన్నెండో ఉంటాయి. “వీడికి ఆట రాదు” అని పెద్దలు తీర్పు చెప్పివేస్తారు.

అట్టి తీర్పు చెప్పినవారిలో నేనూ ఒకడను. ఉపాధ్యాయుడనైన కొత్తలో ఇటువంటి బాలుని జట్టులో నుండి తీసివేసి, నాలుగు దెబ్బలు గట్టిగా కొట్టగల మరొకనికి కీపరు చేతితొడుగులు ఇచ్చాను. తరువాతి పోటీలో మేము ఓడిపోయాము. ఎన్ని పరుగుల తేడాతో ఓడామో, అంతకంటే ఎక్కువ పరుగులు బైల రూపంలో పోయాయి. తీసివేసిన బాలుడు మరల మైదానానికి రాలేదు. ఓటమిని ఏనాడో మరచాను గాని, ఆ పిల్లవాడు రాకపోవడాన్ని నేటికీ మరువలేకున్నాను. ఈ నాలుగు మాటలు వ్రాయడానికి అదే కారణం.

మన తెలుగునాట ఈ విషయానికి చక్కని ఉదాహరణ ఉన్నది. హైదరాబాదుకు చెందిన పోచయ్య కృష్ణమూర్తి 1971లో అజిత్ వాడేకర్ నాయకత్వాన వెస్టిండీస్ వెళ్ళిన భారత జట్టుకు వికెట్ కీపరు. ఆ జట్టులోని ఎం.ఎల్. జయసింహ, ఆబిద్ అలీ కూడా హైదరాబాదువారే. వెస్టిండీస్‌పై భారతదేశం ఒక టెస్టు గెలవడం గాని, సిరీస్ గెలవడం గాని అదే మొదటిసారి. గవాస్కర్ 774 పరుగులు, సర్దేశాయ్ 642 పరుగులు చేశారని ఆట తెలిసిన పిల్లలు కంఠతా చెబుతారు. ఐదు టెస్టులలోనూ వికెట్ల వెనుక నిలిచినది ఎవరని అడిగితే మాత్రం పెద్దలు సైతం తడుముకుంటారు.

కృష్ణమూర్తి ఆ ఐదు టెస్టులలో చేసిన పరుగులు మొత్తం 33. అత్యధికం 20. సగటు 5.50. కేవలం ఈ అంకెలను చూచినవాడు ‘ఈయనను ఎందుకు తీసుకువెళ్ళారు?’ అని అడుగుతాడు. కాని బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్, దురానీ వంటివారు బంతిని తిప్పుతున్నప్పుడు వికెట్లను ఆనుకొని కూర్చొనడం ఎట్టిదో ఆలోచింపవలె. బంతి ఎటు తిరుగునో బ్యాటు పట్టినవానికే తెలియదు. వాని కాళ్ళ చాటున వెనుక కూర్చొన్నవానికి ఇక చెప్పవలసినదేమున్నది? వెనుక నమ్మదగిన చేతులు ఉన్నప్పుడే స్పిన్నరు ధైర్యంగా బంతిని గాలిలోకి ఎగురవేయగలడు.

నేటి టెస్టులో ఒక దినపు ఆటకు 90 ఓవర్లు, అనగా 540 బంతులు. దినమంతా తన జట్టు బౌలింగు చేస్తే కీపరు 540 మార్లు మోకాళ్ళు వంచి లేవవలె. ప్రతి బంతీ తనకే వస్తుందని ఎదురుచూడవలె. ఇంత చేసినా స్కోరు పుస్తకంలో ఆయన వదలిన బంతికి ‘బై’ అనే గడి ఉన్నది. ఆపిన బంతికి గడి లేదు. తప్పు మాత్రమే లెక్కకెక్కి, ఒప్పు లెక్కకెక్కని ఉద్యోగం అది. పంతుళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

అమెరికాలోని బేస్‌బాల్ ఆటలో కూడా ఇట్టివారు ఉన్నారు. రెండవ, మూడవ బేసుల నడుమ నిలిచి నేలబారు బంతులను ఆపేవానిని షార్ట్‌స్టాప్ అంటారు. మెక్సికోవాడైన మారియో మెండోజా 1974 నుండి 1982 వరకు అక్కడి అగ్రశ్రేణి పోటీలలో ఈ స్థానంలో ఆడాడు. ఆయన బ్యాటింగు సగటు .215, అనగా వేయి ప్రయత్నాలకు సఫలమైనవి 215 మాత్రమే. అందుచేత బలహీనమైన బ్యాటింగుకు హద్దుగా .200 సగటును పేర్కొని, దానికి వేళాకోళంగా ‘మెండోజా గీత’ అని పేరు పెట్టారు. అయితే ఆయన స్వదేశం 2000లో ఆయనకు బేస్‌బాల్ ప్రముఖుల మందిరంలో స్థానమిచ్చింది. ఒకచోట హాస్యమైన పేరే మరొకచోట గౌరవమైంది.

పరుగులకు విలువ లేదని నా వాదం కాదు. 1971 వేసవిలో ఇంగ్లండు పర్యటనకు ఫరూఖ్ ఇంజనీర్ తిరిగి వచ్చి, ఓవల్ టెస్టులో 59 పరుగులు చేశారు. భారతదేశం అక్కడా గెలిచింది. కృష్ణమూర్తికి మరల టెస్టు ఆడే అవకాశం రాలేదు. 1976లో న్యూజీలాండ్‌పై ఒక్క వన్డే మాత్రం ఆడారు. 1999లో కన్నుమూశారు. ఇద్దరు సమానంగా బంతిని ఆపగలిగితే, బ్యాటు కూడా చక్కగా పట్టగలవానిని ఎన్నుకోవడం న్యాయమే. కాని రెండవవానిని ఎన్నుకొనలేదని చెప్పడం వేరు. వాడు ఎందుకూ కొరగాడని చెప్పడం వేరు. మొదటిది జట్టుకు అవసరం. రెండవది పిల్లవానికి అపకారం.

ఆపేవారి విలువ మన సీమవారికి తెలియనిది కాదు. 1565 తరువాత విజయనగర ప్రభువులు రాజధానిని పెనుకొండకు తరలించినది ఆ కొండను, కోటను నమ్ముకొనియే గదా! కోటగోడ దండయాత్రకు వెళ్ళదు, నిలిచి ఆపుతుంది. ధర్మవరం పట్టుచీరలో అందరి కన్నూ పడేది జరీ అంచు మీదనే. కాని పడుగు సరిగా నిలవకపోతే ఆ జరీ దేనిమీద నిలుస్తుంది?

కనుక తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. పాఠశాల స్కోరు పుస్తకంలో మరొక గడి గీయండి. పట్టిన క్యాచ్‌లు, ఆపిన బంతులు అందులో వ్రాయించండి. లెక్క వ్రాసే పని బ్యాటు పట్టడమే ఆటయని నమ్మిన పిల్లవానికే అప్పగించండి. ఒక్క పూట వ్రాస్తే వానికే బోధపడుతుంది. వార్షికోత్సవంలో పరుగులకు ఇచ్చే బహుమతితో పాటు ఆపినవానికీ ఒకటి ఇవ్వండి. అందుకు ఒక పెన్సిలు గీత, ఒక చిన్న పుస్తకం కంటే అధికంగా ఖర్చు లేదు.

ఆ గడి నా పుస్తకంలో నేను గీచుకొని చాలా ఏళ్ళయింది. మొదటి పేరు వ్రాయవలసిన పిల్లవాడు మాత్రం అప్పటికే మైదానం వదలి వెళ్ళిపోయాడు.