ఎలాగూ విప్పాము గదా!

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. వారికి కార్లు లేవు గనుక “ఇంజను విప్పించి చూడు” అనలేదు. ఆ లోటు నేను తీరుస్తున్నాను.

నిరుడు వేసవిలో తిరుపతి వెళ్ళి బెంగుళూరుకు తిరిగి వస్తూ మొగిలి ఘాటు ఎక్కుతున్నాము. మా పాత చిన్నకారులో వేడి చూపే ముల్లు పైకి పోయింది. “ఆపండి” అన్నది మా ఆవిడ. “ఇంకొక్క మలుపే” అన్నాను నేను. ఆ మలుపులోనే హెడ్ గాస్కెట్ పోయింది. హెడ్ వంగింది, కూలెంటు ఆయిలులో కలిసింది. రింగులు అరిగి అదివరకే పొగ వస్తూండేది గనుక, ఇంజను మొత్తం దించవలసిందేనన్నాడు మా పేట మెకానిక్.

దించిన తరువాత ఒక జాబితా చేతికిచ్చాడు. “హేగూ బిచ్చిద్దీవి సార్” అన్నాడు. ఎలాగూ విప్పాము గదా, ఇవి కూడా మార్చేద్దామని. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టవలసిన నెల అది. పైగా నాది ఇరవై యేళ్ళుగా ఆఫీసులో బిల్లులు తనిఖీ చేసిన చెయ్యి. క్లచ్ ప్లేటు, క్రాంక్‌షాఫ్టు వెనుక ఆయిల్ సీలు – ఈ రెండు పద్దులూ ఎర్రసిరాతో కొట్టివేశాను.

అయిదు నెలలు తిరగకుండానే ఆ సీలు కారి, ఆయిలు క్లచ్ ప్లేటు మీద పడింది. యాక్సిలరేటరు తొక్కితే ఇంజను అరుస్తుంది, బండి మాత్రం ముందుకు పోదు. మళ్ళీ గేరుబాక్సు దించారు. సీలు ఖరీదు వందలలో, విప్పి బిగించిన కూలి వేలలో. ఒకే పనికి రెండు మార్లు కూలి ఇచ్చుకున్నాను.

మన సంఘంలో కార్లున్న కుటుంబాలవారికి ఉపయోగిస్తుందని ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాను. వేడెక్కి పాడైన ఇంజనుకు ముందుగా ఆ వేడికి కారణం వెదకించాలి. రేడియేటరు పూడిపోయిందా, థర్మోస్టాట్ తెరుచుకుంటున్నదా, ఫ్యాను తిరుగుతున్నదా చూడకపోతే కొత్త గాస్కెట్టూ పాతదాని దారే పడుతుంది. హెడ్ బిగించే ముందు వంపు కొలిపించి, అవసరమైతే సాపు చేయించాలి. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజనుకు బెల్టూ, దాని టెన్షనరూ అప్పుడే మార్చాలి. ఆ బెల్టు తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. చాలా కార్లలో వాటరు పంపు ఆ బెల్టు వెనుకనే ఉంటుంది. గట్టిపడిన రబ్బరు గొట్టాలు, ఆయిల్ సీళ్ళు, పగిలిన ఇంజను మౌంటింగులు కూడా ఈ కోవలోనివే. ఆయిలు, ఫిల్టరు, కూలెంటు కొత్తవి వేయించడం సరేసరి.

జాబితాలోని ప్రతిదానికీ తల ఊపమని నా ఉద్దేశం కాదు. ఆల్టర్నేటరు, బ్యాటరీ వంటివి ఎప్పుడైనా పైనుంచే విప్పవచ్చు; పనిచేస్తున్నంతకాలం వాటి జోలికి పోనక్కరలేదు. “ఇది తరువాత చెడితే మళ్ళీ ఇంజను విప్పాలా?” అని మెకానిక్కును అడగండి. విప్పాలంటే ఇప్పుడే మార్చండి. మార్చిన పాతసామాను చేతికి తీసుకుని చూడండి.

ఇదంతా చదివి మా ఆవిడ, “పెంకులు దించినప్పుడే వాసాలు చూసుకోవాలని మా అమ్మమ్మకు కూడా తెలుసు” అన్నది. ఎర్రసిరా కలం ప్రస్తుతం ఆమె దగ్గరే ఉన్నది.