థర్మల్ కెమెరా జల్లెడే, తక్కెడ కాదు

కరోనా కాలంలో జ్వరం ఉన్నవారిని గుర్తించడానికి విమానాశ్రయాల్లో థర్మల్ కెమెరాలు పెట్టారు. సబ్‌స్టేషన్లలో వేడెక్కిన జాయింట్లను విద్యుత్ సిబ్బంది పట్టుకునేదీ వీటితోనే. ఇదే పరికరం రసాయన ప్రయోగశాలలో మంచి ఉత్ప్రేరకాలను వెతకడానికీ పనికొస్తుంది. మన విశ్వవిద్యాలయాలు దీన్ని ఇంకా విరివిగా వాడుకోవాలి. అయితే దాని పరిమితులు తెలుసుకుని వాడాలి.

తాను ఖర్చయిపోకుండా రసాయన చర్య వేగాన్ని పెంచే పదార్థమే ఉత్ప్రేరకం. ఎరువులు, పెట్రోలు, మందులు, ప్లాస్టిక్‌ల తయారీ చాలావరకు వీటిపైనే ఆధారపడి ఉంది. ఏ చర్యకు ఏ పదార్థం సరిపోతుందో సిద్ధాంతం కొంతవరకే చెబుతుంది. మిగతాది పరీక్షించి తేల్చుకోవాల్సిందే. అమ్మోనియా తయారీకి చవకైన ఉత్ప్రేరకం కోసం జర్మనీలోని బీఏఎస్ఎఫ్ సంస్థలో ఆల్విన్ మిటాష్ బృందం 1909 నుంచి వేలకొద్దీ ప్రయోగాలు చేసి, చివరికి ఇనుము ఆధారిత ఉత్ప్రేరకాన్ని ఎంచుకుంది.

ఆ శ్రమను తగ్గించే ఆలోచన చాలా సరళమైనది. అనేక చర్యలు వేడిని విడుదల చేస్తాయి. ఉత్ప్రేరకం ఎంత చురుకైనదైతే వేడి అంత త్వరగా పుడుతుంది. పదుల నమూనాలను ఒకే పళ్లెంలో పేర్చి పరారుణ కెమెరాతో చూస్తే, చురుకైనవి వెలిగే చుక్కల్లా కనిపిస్తాయి. 1996లో అమెరికాలోని హ్యూస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు హైడ్రోజన్ ఆక్సీకరణ చర్యతో ఈ పద్ధతిని చూపించారు. 1998లో టేలర్, మోర్కెన్ అనే శాస్త్రవేత్తలు 3,150 రకాల ఉత్ప్రేరకాలున్న సుమారు 7,000 సూక్ష్మ పూసలను ఇలాగే జల్లెడ పట్టారు.

మన దగ్గర దీని అవసరం ఎక్కువ. ఖరీదైన గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌ను చాలామంది పరిశోధక విద్యార్థులు వంతులవారీగా పంచుకోవాల్సి వస్తుంది. ఒక్కో నమూనాకు 20 నిమిషాలు పడుతుందనుకుంటే, 96 నమూనాలకు 32 గంటలు కావాలి. అదే 96 నమూనాలను కెమెరా ఒకే చిత్రంలో చూపిస్తుంది. వాటిలో పది పన్నెండింటిని ఎంచుకుని పెద్ద యంత్రానికి పంపితే సమయం, రసాయనాలు, డబ్బు మిగులుతాయి.

చిక్కంతా ఆ వెలుగునే తీర్పుగా తీసుకున్నప్పుడు వస్తుంది. కెమెరా చూసేది వేడిని మాత్రమే. ఏ పదార్థం తయారైందో దానికి తెలియదు. ఇథిలీన్‌ను ఇథిలీన్ ఆక్సైడ్‌గా మార్చే చర్యనే తీసుకోండి. కావలసిన మార్పు జరిగితే మోల్‌కు సుమారు 105 కిలోజౌళ్ల వేడి వస్తుంది. ఇథిలీన్ పూర్తిగా కాలిపోయి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరిగా మారితే సుమారు 1,320 కిలోజౌళ్లు వస్తుంది. అంటే ముడిసరుకును వృథాగా తగలబెట్టే ఉత్ప్రేరకమే తెరపై అందరికన్నా మిన్నగా మెరిసిపోవచ్చు!

ఇంకా కొన్ని ఇబ్బందులున్నాయి. మెరిసే లోహం పరారుణ కిరణాలను తక్కువగా వెలువరిస్తుంది కాబట్టి, వేడిగా ఉన్నా చల్లగా కనిపిస్తుంది. ద్రావణి ఆవిరైతే నమూనా చల్లబడుతుంది. సాధారణ గాజు ఈ కిరణాలను అడ్డుకుంటుంది కాబట్టి మూసిన పాత్రకు ప్రత్యేక కిటికీ అమర్చాలి. ఉష్ణగ్రాహక చర్యల్లోనైతే చురుకైన నమూనాయే చల్లబడుతుంది.

వీటికి పరిష్కారాలు లేకపోలేదు. చర్య మొదలవకముందు తీసిన చిత్రాన్ని తర్వాతి చిత్రంతో పోల్చాలి. ప్రతి పళ్లెంలో ఉత్ప్రేరకం లేని ఒక గుంటనూ, గుణం ముందే తెలిసిన ఒక ఉత్ప్రేరకాన్నీ ఉంచాలి. ఒకే నమూనాను రెండు మూడు చోట్ల పెట్టాలి. వెలిగినవాటితో పాటు, వెలగని కొన్నింటిని కూడా క్రొమటోగ్రాఫ్‌తో పరీక్షించాలి. అలా చేస్తేనే కెమెరా ఏ మంచి నమూనాలను వదిలేస్తోందో తెలుస్తుంది.

ఈ క్రమశిక్షణను పీజీ ప్రయోగశాలలోనే నేర్పవచ్చు. హైడ్రోజన్ పెరాక్సైడ్ సజల ద్రావణంలో మాంగనీస్ డయాక్సైడ్, ఇనుప లవణాలు, బంగాళాదుంప రసం వేర్వేరుగా వేసి చూస్తే, వేడి పుట్టే వేగంలో తేడా కెమెరాలో కనిపిస్తుంది. ఆ తర్వాత వెలువడిన ఆక్సిజన్‌ను కొలిచి చిత్రంతో సరిచూడమని విద్యార్థులను అడగాలి. జల్లెడ పట్టడం, తూకం వేయడం రెండు వేర్వేరు పనులని వారికి అక్కడే తెలిసివస్తుంది.