ఒట్టుతో తెగని బంధం

కల్లు మానివేస్తానని స్వామి సన్నిధిలో ఒట్టు పెట్టించి బాలుణ్ణి ఇంటికి పంపితే ధర్మం నెరవేరిందని భావించే పెద్దలు డోంగ్లి మొదలు కామారెడ్డి వరకు ఎందరో ఉన్నారు. ఇది తమ బాధ్యతను దేవునిపై వేసి తప్పుకోవడమే.

ఈ సీమలో కల్లు పేరిట అమ్మే ద్రవంలో పలుచోట్ల ఆల్ప్రజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. వీటికి అలవడిన దేహానికి అవి హఠాత్తుగా అందకపోతే కంపం, ఫిట్సు, చిత్తభ్రాంతి కలుగుతాయి, ప్రాణాపాయమూ సంభవించవచ్చు. 2015లో దాడులు ముమ్మరమై కల్తీ కల్లు కరవైనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు ఇట్టి రోగులు వరుసగా వచ్చారు. వైద్యుని పర్యవేక్షణలో క్రమక్రమంగా తగ్గించవలసిన విషమది. పదహారేళ్ల పిల్లవాడు వణుకు తాళలేక మళ్లీ సీసా అందుకొంటే దైవద్రోహి అని నిందించడం ఏ శాస్త్రసమ్మతం? చరకుడు మదాత్యయాన్ని చికిత్సాస్థానంలో, రోగాల వరుసలోనే నిలిపాడు.

ఇక దిగులు. జపం చేయనందున కమ్మిన తమస్సని తీర్పు చెప్పేవారు, గీత తొలి అధ్యాయానికి అర్జున విషాదయోగమన్న పేరెందుకో ఆలోచించరా? అంతటి వీరునికే నోరెండింది, గాండీవం జారింది. భగవానుడు ఆ దుఃఖాన్ని సాంతం విన్నాకనే బోధకు పూనుకొన్నాడు. మన పెద్దలకు అంత ఓపిక లేదు!

ఒట్టు వేయించేవారు ముందుగా, నిద్ర పడుతోందా, చావాలనిపిస్తోందా అని ఆ బాలుణ్ణి ఏకాంతంలో అడగాలి. మనోవ్యథకు టెలీ మానస్ 14416, వ్యసనవిముక్తికి 14446. ఈ సంఖ్యలను పంచాంగశ్రవణం నాడు చదివినా దోషం లేదు. ఆసుపత్రికి తోడు వెళ్లాలి. ఒట్టు ఆ తరువాత వేయించవచ్చు.