కంటి ఫొటో, షుగర్ పరీక్ష: లెక్కలోంచి జారిపోతున్నదెవరు?

షుగర్ జబ్బు కంటిని దెబ్బతీయడం మొదలుపెట్టాక చాలాకాలం దాకా చూపులో తేడా తెలియదు. తెలిసేసరికి రెటీనాలోని సన్నని రక్తనాళాలు ఉబ్బి, కారి, జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. అందుకే ఇక్కడ రోగి చెప్పే మాట కంటే యంత్రం ఇచ్చే కొలత ముఖ్యం. దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహంతో ఉన్నారని ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో అంచనా వేసింది. ఇన్ని కళ్లు చూడటానికి డాక్టర్లు చాలరు కాబట్టి కెమెరాలు, ఓసీటీ యంత్రాలు, ఏఐ వస్తున్నాయి. రావాలి కూడా. ఢిల్లీలో కాంతితో కణాలను కొలిచే ల్యాబులో పనిచేసే నాకు ఈ పరికరాల మీద కోపం లేదు. నా అభ్యంతరమల్లా ఒకటే. ఆ కొలతలోకి ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది మన పరిశోధనా పత్రాల్లో కనిపించదు.

కంటి పరీక్షకు పంపాలంటే ముందు షుగర్ ఉందని తేలాలి. అది తేల్చేది చాలాచోట్ల హెచ్‌బీఏ1సీ. 6.5 శాతం, ఆపైన వస్తే మధుమేహం. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న లెక్క మీద ఈ పరీక్ష నిలబడింది. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ల కణాలు అంతకాలం బతకవు. షుగర్ అంటుకునే వ్యవధే తక్కువ కాబట్టి అంకె కిందికి దిగుతుంది. జబ్బేమీ లేకుండా ఒక్క సికిల్ జన్యువును మోస్తున్న ఆఫ్రికన్ అమెరికన్లలో కూడా, రక్తంలో అంతే షుగర్ ఉన్నా ఈ అంకె దాదాపు 0.3 తక్కువ వస్తోందని 2017లో ‘జామా’ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. ఐరన్ లోపంతో వచ్చే రక్తహీనత దీన్ని పైకి కూడా నెట్టవచ్చు. మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆదివాసీ స్త్రీలలో ఇంకా ఎక్కువ.

ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు ఏజెన్సీల్లో సికిల్ సెల్ కొత్త విషయం కాదు. దాని నిర్మూలనకు కేంద్రం 2023 జులైలో ఒక మిషన్ కూడా మొదలుపెట్టింది. అక్కడి గూడెంలో ఒకామెకు రిపోర్టులో 6.3 వచ్చిందనుకుందాం. ‘అంచున ఉన్నావు, బియ్యం తగ్గించు’ అని పంపేస్తారు. ఆమె కంటి ఫొటో ఎవరూ తీయరు. కాబట్టి ఏ ఏఐకీ ఆమె ఎదురుపడదు.

ఫొటో తీసిన తర్వాతా వడపోత ఉంటుంది. 2016లో పేరు తెచ్చుకున్న గూగుల్ ప్రోగ్రామ్ నేర్చుకున్న ఫొటోల్లో మన దేశంలోని మూడు పెద్ద కంటి ఆసుపత్రులవీ ఉన్నాయి. దాన్ని థాయిలాండ్ క్లినిక్కుల్లో వాడి చూసినప్పుడు 1,838 ఫొటోల్లో 21 శాతం నాణ్యత చాలలేదని పక్కకు పోయాయి. సరైన చీకటిగది లేకపోవడం ఒక కారణం. మన దగ్గర ముదిరిన శుక్లానికి ఆపరేషన్ చేయించుకోలేని ముసలమ్మ ఫొటో కూడా మసకగానే వస్తుంది. పేపర్లో ఆమె ‘ఎక్స్‌క్లూడెడ్’ అన్న ఒక్క వరుస. మిగిలినవాళ్ల మీద 90 శాతం పైచిలుకు కచ్చితత్వం అని ప్రకటిస్తాం.

ఇలా అంటే, ‘అయితే కులానికో రక్తం ఉందంటావా?’ అని సెమినార్లో అడుగుతారు. కాదు. మనుషుల ముక్కులు కొలిచి కులాలకు జాతి అంటగట్టిన రిస్లీ దారి మనది కాదు. ఆ ముక్కు కొలతల్నే చేతిలోకి తీసుకుని, బ్రాహ్మణులూ అంటరానివాళ్లూ ఒకే జాతి అని వాటితోనే తేల్చిన బాబాసాహెబ్ దారి మనది. 1948లో వచ్చిన ‘ది అన్‌టచబుల్స్’లో ఆ అధ్యాయం బయోమెడికల్ విద్యార్థులు చదవాల్సింది, మన సిలబస్‌లో ఎలాగూ ఉండదు. సికిల్ జన్యువు మలేరియా ప్రాంతాల చరిత్ర, కులం గుర్తు కాదు. రక్తహీనత తిండికి సంబంధించింది. కులం పనిచేసేది ఎవరికి ఏ తిండి, ఏ ఊరు, ఏ ఆసుపత్రి దక్కిందన్న దగ్గర. డేటాలో వయసు, లింగం రాసుకుని ఇవేవీ రాసుకోకపోవడం నిష్పాక్షికత అనిపించుకోదు.

క్యాన్సర్ వైపు లెక్క తిరగబడుతుంది. అక్కడ పేదల శరీరం లోపలే ఉంటుంది, పేరు మాత్రమే బయట. ప్రపంచమంతా ల్యాబుల్లో పెంచే హీలా కణాలు 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వారపు గడ్డ నుంచి, ఆమెను అడగకుండా తీసుకున్నవి. కాంతి కణంలోంచి వెళ్లేటప్పుడు ఎంత ఆలస్యమవుతుందో కొలిచి, రంగు వేయకుండానే దాని మందం అంచనా కట్టే పద్ధతిని కూడా తరచూ ఈ కణాల మీదే పరీక్షిస్తారు. ప్రభుత్వ ఆసుపత్రి నుంచి గడ్డ ముక్క ల్యాబుకు వచ్చినప్పుడు, రోగికి అర్థమయ్యే భాషలో చెప్పి సమ్మతి తీసుకోవాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు అంటాయి. ఓపీ వరుసలో బిహార్ నుంచి వచ్చిన కూలీకి అది ఎంతసేపు, ఎవరు చెబుతున్నారన్నది వేరే సంగతి.

చేయదగ్గవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. సికిల్ పరీక్షలో జన్యువు ఉందని తేలినవాళ్లకు హెచ్‌బీఏ1సీతో సరిపెట్టకుండా పరగడుపున, గ్లూకోజ్ తాగించాక రక్తంలో షుగర్ నేరుగా చూడాలి. కంటి ఏఐ మీద పేపర్ రాసేవాళ్లు పక్కన పడేసిన ఫొటోలు ఎన్ని, అవి ఏ జిల్లావి, ఏ స్థాయి ఆసుపత్రివి అన్న పట్టిక పెట్టాలి. థీసిస్ కమిటీల్లో కూర్చునే ప్రొఫెసర్లు కచ్చితత్వం ఎంత అని అడిగే ముందు ఆ పట్టిక అడగొచ్చు.