కొబ్బరి కాపుకొచ్చేదాకా చదువు ఆగదు
ఉత్తర తీరం – నాగావళి

మన తీరానికి అక్టోబరు వస్తుందంటే గుండె దడ. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12న ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి, సరిహద్దుకు ఇవతల ఇచ్ఛాపురం, కవిటి, సోంపేటలను ఊపేసింది. ఏడాది తిరిగేసరికి సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద పడి, భోగాపురం, పూసపాటిరేగ మీదుగా విజయనగరం దాకా చెట్లనూ కరెంటు స్తంభాలనూ కూల్చింది. 2018 అక్టోబరు 11న తెల్లవారకముందే తిత్లీ వజ్రపుకొత్తూరు మండలంలో నేల మీదికొచ్చింది. 2021లో గులాబ్ ఇంకాస్త ముందే, సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర దాటింది. అన్నీ దసరాకు అటో ఇటో వచ్చినవే. పుస్తకాలు సగం చదివి, సగం మిగిలి ఉండే కాలం అది.

తుపాను రాకముందు చేయాల్సిన పని మనవాళ్లకు బాగా వచ్చింది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేల ప్రాణాలు తీసుకెళ్లిన రాష్ట్రంలో ఇవాళ నాలుగు రోజుల ముందే హెచ్చరిక వస్తోంది, లోతట్టు జనం పునరావాస కేంద్రాలకు చేరుతున్నారు, కలెక్టర్లు సెలవులు ప్రకటిస్తున్నారు. 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడూ చూశాం. ఇది చిన్న విజయం కాదు. గాలి తగ్గాక కరెంటు, మంచినీళ్లు, బియ్యం పనులు మొదలవుతాయి. ఆ వరసలోనే ఒకరోజు ‘బడులు తెరుచుకున్నాయి’ అన్న ప్రకటన వస్తుంది. దాంతో చదువు పద్దు మూసేస్తారు. నా అభ్యంతరమంతా అక్కడే. తెరిచింది గది తలుపు. ఆ గదిలోకి పిల్లను మళ్లీ పంపగలిగే స్థితికి ఇల్లు వచ్చిందో లేదో ఎవరూ అడగరు.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం సంగతే చూడండి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇంటి ఖర్చులకు ఆధారం కొబ్బరి, జీడి, పనస. కొబ్బరి దింపిన డబ్బుతోనే చిల్లర సరుకులు వచ్చేవి, బడి ఫీజు కట్టేవారు, ఆటో అద్దె ఇచ్చేవారు. తిత్లీ ఆ తోటలను ఒక్క రాత్రిలో నేలమట్టం చేసింది. పడిన చెట్లను అధికారులు తోట తోటకూ తిరిగి లెక్కపెట్టారు, చెట్టుకింత అని పరిహారం కట్టారు. లెక్క పెట్టవలసిందే, తప్పులేదు. కానీ నాటు రకం కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ఆ అక్టోబరులో ఆరో తరగతి చదువుతున్న పిల్ల 2023లో పదో తరగతి పరీక్ష రాయాలి. తిత్లీ వెళ్లిన మర్నాడే తండ్రి మొక్క నాటినా, పిల్ల పది పూర్తిచేసే నాటికి ఆ చెట్టుకు కాయ రాదు. నడుమ 2020 మార్చిలో కోవిడ్ వచ్చి బళ్లు మూతపడ్డాయి. చెట్టు లేని ఆ ఇల్లు అంతకాలం ఆ పిల్లను దేనితో చదివించాలి? సాయం మాత్రం కొన్ని వారాలకే ముగిసిపోయింది.

బడి మానడం తుపాను మర్నాడే జరగదు. దాన్ని మనం గుర్తించలేకపోవడానికి కారణం ఇదే. బడి తెరిచిన వారానికి పిల్లలు చాలామంది వస్తారు. ఇంటి దగ్గర నీళ్లు లేవు, వంట సాగదు, బడిలో మధ్యాహ్నం అన్నమైనా దొరుకుతుంది. హాజరు పట్టీ చూసి అధికారులు ఊపిరి పీల్చుకుంటారు. అసలు లెక్క సంక్రాంతి తర్వాత తేలుతుంది. విశాఖ, హైదరాబాదు, చెన్నై పనులకు వలస వెళ్లినవాళ్లంతా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని తమ ఊళ్లకు పండక్కి వస్తారు. వెళ్లేటప్పుడు, చెట్టు పోయిన ఇంటివాళ్లు వాళ్లతో బయల్దేరుతారు. కొందరు పిల్లల్ని తీసుకెళ్తారు. కొందరు అమ్మమ్మ దగ్గర వదిలేస్తారు. ‘ఈ ఏడుకి మానేసినా ఏటీ అవదు, వచ్చే ఏడు సూద్దాం’ అన్న మాట మన ఊళ్లలో వినని ఉపాధ్యాయుడు ఉండడు. ఏడాది మానిన పిల్ల, ముఖ్యంగా ఎనిమిదో తొమ్మిదో చదివే ఆడపిల్ల, తిరిగి రావడం ఎంత అరుదో కూడా ఆ ఉపాధ్యాయుడికి తెలుసు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. బడి మానిన ఏడాదికీ ఆ పెళ్లికీ దూరం తక్కువ.

మత్స్యకారుల ఊళ్లలో కష్టం ఇంకో రకం. శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి మగవాళ్లు గుజరాత్‌లోని వేరావల్ దాకా వేటకు వెళ్తారు. తుపాను వచ్చిన రోజున తండ్రి ఊళ్లో ఉండడు. ఇల్లు సర్దడం, నష్టం రాయించడం, బ్యాంకు దగ్గర నిలబడటం అన్నీ తల్లే చూసుకోవాలి. అలాంటప్పుడు చంటిబిడ్డను చూసేదెవరు? పెద్ద కూతురు. ఆ పిల్ల బడికి రాని రోజులన్నీ పట్టీలో మామూలు గైర్హాజరుగా నమోదవుతాయి.

ప్రభుత్వ సాయంలో ఏమేమి ఉన్నాయో చూస్తే మన దృష్టి ఎక్కడుందో తెలుస్తుంది. తిత్లీ నాటికి అమల్లో ఉన్న జాతీయ విపత్తు సహాయ నిబంధనల్లో ఇల్లు కొట్టుకుపోయిన కుటుంబానికి బట్టలకు 1,800, వంటసామానుకు 2,000 రూపాయలు. పడవకు పద్దు ఉంది, వలకు ఉంది, చేనుకు, గొడ్డుకు ఉంది. ప్రాథమిక పాఠశాల గోడ మరమ్మతుకూ ఉంది. తడిసి ముద్దయిన పుస్తకాల సంచికి లేదు. పాఠ్యపుస్తకం మళ్లీ తెప్పించవచ్చు, పదో తరగతి పిల్ల నాలుగు నెలలుగా రాసుకున్న నోట్సు ఎక్కడ దొరుకుతుంది? ఇంటర్ రెండో ఏడాది విద్యార్థి ప్రాక్టికల్ రికార్డు నీళ్లపాలైతే మళ్లీ మొదటి నుంచి రాయాల్సిందే. పరీక్ష ఫీజుల గడువులూ ఆ రోజుల్లోనే వచ్చి పడతాయి. మొత్తం చిన్నదే కావచ్చు. చేతిలో పైసా లేని నెలలో అది చిన్నది కాదు.

చట్టం మనకు తోడుగా లేదని అనలేం. 2009 విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్ ప్రకారం పిల్ల బడి మారాలంటే బదిలీ పత్రం వెంటనే ఇవ్వాలి. పత్రం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. పద్నాలుగో సెక్షన్ వయసు రుజువు లేదని వెనక్కి పంపొద్దంటుంది. నాలుగో సెక్షన్ చదువు మానిన పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇమ్మంటుంది. వలస కుటుంబాల పిల్లల్ని చేర్పించే బాధ్యత తొమ్మిదో సెక్షన్ స్థానిక సంస్థల మీద పెట్టింది. కానీ కొబ్బరి మీద నమ్మకంతో ప్రైవేటు బడిలో చేర్చిన తండ్రి, చెట్లు పోయాక ప్రభుత్వ బడికి మార్చాలనుకుంటే ‘బాకీ కట్టి పత్రం తీసుకెళ్లండి’ అనే జవాబే ఎదురవుతుంది. పైగా ఈ చట్టం రక్షణ పద్నాలుగేళ్ల దాకానే. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు అది అందదు. తుపాను ఇంటి నుంచి ముందుగా పనికి వెళ్లేది సరిగ్గా ఆ వయసు పిల్లలే.

ఇదే చట్టం ఇరవై ఏడో సెక్షన్ ఉపాధ్యాయుల్ని జనగణన, ఎన్నికలతో పాటు విపత్తు సహాయ పనులకూ వాడుకోవచ్చంటుంది. నేను దీన్ని వ్యతిరేకించను. ఊళ్లో ఎవరి ఇల్లు ఎక్కడుందో, ఎవరి తండ్రి దూరాన ఉన్నాడో ఉపాధ్యాయుడికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? అందుకే ఆ మనిషిని ఎక్కడో పొరుగు మండలంలో బియ్యం పంపిణీకి వేయడం కన్నా, తన బడి పిల్లల ఇళ్లన్నీ తిరిగి, ఏ ఇంట్లో ఏం పోయింది, ఏ పిల్ల చదువుకు ఏం అడ్డు రాబోతోంది అని రాసుకురావడాన్నే ఆయన సహాయ విధిగా నిర్ణయించాలి. రాసుకొచ్చింది చేతికి తీసుకునే అధికారి కూడా ఉండాలి. 2005లో కత్రినా తుపానుకు అమెరికా గల్ఫ్ తీరంలో మూడు లక్షలకు పైగా పిల్లలు ఊళ్లు విడిచిపోయినప్పుడు, అక్కడ 1987 నుంచీ ఉన్న మెకిన్నీ-వెంటో చట్టం పనికొచ్చింది. నిలువనీడ పోయిన పిల్ల కాగితాలేవీ లేకుండా వచ్చినా వెంటనే చేర్చుకోవాలని, పాత బడికే వెళ్తానంటే బండి ఏర్పాటు చేయాలని అందులో ఉంది. ఆ పిల్లల బాధ్యత చూసే మనిషి ప్రతి విద్యా జిల్లాకూ ఒకరు ఉండాలనీ ఉంది. మనకు అలాంటి ఉద్యోగం కొత్తగా సృష్టించాల్సిన పనే లేదు. 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో సంక్షేమ, విద్యా సహాయకులు ఉన్నారు. తుపాను మండలంలో ఏడాది పొడుగునా ఈ ఒక్క పని వాళ్లకు అప్పజెప్పవచ్చు.

మిగతావీ మన దగ్గర ఏదో ఒక రూపంలో ఉన్నవే. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ బడి భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో ఆదేశించింది. కరవు పిల్లకు ఉన్న ఆకలి తుపాను పిల్లకు ఉండదా? తిత్లీ వచ్చింది దసరా సెలవుల్లో. ఆకలి ఎక్కువైన రోజుల్లోనే బడి పొయ్యి ఆరిపోయింది. కర్నూలు పడమటి మండలాల్లో వలస వెళ్లే తల్లిదండ్రుల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడిపారు. పిల్ల ఊళ్లోనే ఉండి చదువుతుంది, తల్లిదండ్రులు పనికి వెళ్తారు. తోటలు కూలిన ఏడాది అవి సోంపేటలోనూ వజ్రపుకొత్తూరులోనూ సంక్రాంతికి ముందే తెరవాలి. 2025 జూన్ నుంచి ‘తల్లికి వందనం’ పథకం కింద తల్లుల ఖాతాల్లో పిల్లకు 13,000 రూపాయలు పడుతున్నాయి. విపత్తు ప్రకటించిన మండలాల్లో వచ్చే జూన్ వాయిదాను తుపాను వచ్చిన నెలలోనే ముందుగా ఇస్తే, తల్లి ‘ఈ ఏడుకి మానేద్దాం’ అనే ముందు ఇంకోసారి ఆలోచిస్తుంది. అదనపు ఖర్చు కాదు, నెలలు ముందుకు జరపడమే. అలాంటి ఏడాది ఆ పథకంలోని హాజరు శాతం నిబంధన ఆ పిల్లలకు వర్తించకూడదు. పాఠ్యపుస్తకాలు, సంచులు మండల విద్యాశాఖ గోదాములో నూటికి పదైనా అదనంగా ఉంచడం పెద్ద పని కాదు.

ఇక బడినే పునరావాస కేంద్రం చేయడం గురించి. ఊళ్లో గట్టి కట్టడం బడే అయినప్పుడు జనం అక్కడికే వస్తారు, రావాలి కూడా. అయితే ఖాళీ చేసే తేదీతో పాటు, ఆ కుటుంబాలు తర్వాత ఎక్కడుంటాయో కూడా రాసి పెట్టాలి. వాళ్లను రోడ్డు మీదికి పంపి తరగతులు మొదలుపెడితే, ఆ తరగతిలో వాళ్ల పిల్లలు కూర్చోలేరు.

శ్రీకాకుళం, విజయనగరం కలెక్టర్లకు నా విన్నపం ఒకటే. ఈసారి తుపాను వస్తే చదువు నష్టాన్ని బడి తెరిచిన రోజున లెక్క వేయకండి. సంక్రాంతి సెలవులయ్యాక మొదటి సోమవారం హాజరు తీయించండి, జూన్‌లో మళ్లీ తీయించండి, ఆ పై జూన్‌లోనూ తీయించండి. పేరు పేరునా, ఊరూరా. పట్టీలో లేని ప్రతి పిల్ల ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో, ఎవరు వెళ్లి మాట్లాడారో ఆ పేరు పక్కనే రాయించండి.