భేదులైన బిడ్డకు కూల్‌డ్రింకు తాపించకండి



వేసవి వచ్చిందంటే మన పిల్లల వార్డులో మంచాలు ఖాళీ ఉండవు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల నుండి వాంతులు, భేదులతో నీరసించిన బిడ్డలను ఎత్తుకుని వస్తారు. వచ్చిన తల్లిని మేము మొదట అడిగేది ఒకటే: "ఏమి తాపించినావమ్మా?" చాలాసార్లు వచ్చే జవాబు కూడా ఒకటే: "ఏమీ తాగడం లేదు సిస్టర్, కూల్‌డ్రింకు ఇస్తే మాత్రం తాగినాడు."

ఒకసారి ధర్మవరం నుండి ఒక మగ్గం కుటుంబం రెండేళ్ల పిల్లవాడిని తీసుకొచ్చింది. కళ్లు లోపలికి పోయినాయి, ఏడుస్తుంటే కన్నీళ్లు లేవు, ఉదయం నుండి ఒంటికి పోలేదు. "రెండు రోజులుగా ఓ.ఆర్.ఎస్. తాపిస్తూనే ఉన్నాము, అయినా భేదులు ఎక్కువైనాయి" అని తల్లి చెప్పింది. సంచిలో నుండి తీసి చూపించినది మాత్రం పండు బొమ్మ వేసిన తియ్యటి డ్రింకు డబ్బా. అంగట్లో ఓ.ఆర్.ఎస్. అడిగితే అదే ఇచ్చినారట. పొడి ప్యాకెట్టు కంటే ఎక్కువ డబ్బు పెట్టి, ప్రేమతో కొని తాపించింది ఆ తల్లి. సెలైను పెట్టిన తరువాత ప్రభువు దయవల్ల బిడ్డ కోలుకున్నాడు. కానీ ఆమె ముఖం మాకు ఇంకా గుర్తుంది. తప్పు ఆమెది కాదు. చెప్పవలసిన మేము ముందుగా గట్టిగా చెప్పలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

తియ్యటి డ్రింకు భేదులను ఎందుకు పెంచుతుంది? మన వంటింట్లోనే దీనికి జవాబు ఉంది. కోసిన మామిడి ముక్కల మీద ఉప్పుగానీ చక్కెరగానీ చల్లి ఉంచితే ముక్కల్లోని నీరు బయటికి ఊరుతుంది. చిక్కటి చక్కెర నీరు పేగుల్లోకి దిగినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఒంట్లోని నీటిని అది పేగుల్లోకి లాగుతుంది. అసలే నీరు పోతున్న బిడ్డకు ఇంకా నీరు పోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓ.ఆర్.ఎస్.లో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సిట్రేటు 2.9 గ్రాములు ఉంటాయి. మామూలు కూల్‌డ్రింకు లీటరులో చక్కెర సుమారు 100 గ్రాములు, కొన్నింటిలో ఇంకా ఎక్కువ. అంటే ఏడెనిమిది రెట్లు. భేదుల్లో పోయిన ఉప్పు మాత్రం అందులో నామమాత్రమే. ఓ.ఆర్.ఎస్.లో గ్లూకోజు రుచి కోసం వేసినది కాదు. గ్లూకోజు, ఉప్పు సరిపాళ్లలో ఉంటే పేగు గోడ ఆ రెండింటినీ కలిపి పీల్చుకుంటుంది, వాటి వెంట నీరూ ఒంట్లోకి పోతుంది. పాళ్లు తప్పితే ఆ పని జరగదు.

ఇది చిన్న విషయం కాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ కాందిశీకుల శిబిరంలో కలరా వచ్చినప్పుడు సెలైను చాలలేదు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే తాపించినారు. నూటికి సుమారు 30గా ఉన్న మరణాలు 4 కంటే తక్కువకు దిగినాయి. ఆయనకు 2023లో, మరణానంతరం, పద్మవిభూషణ్ ఇచ్చినారు. ఇంత విలువైన మందు పేరును తియ్యటి డ్రింకు డబ్బాల మీద వేసి అమ్మడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

ఈ అన్యాయం మీద హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ సుమారు ఎనిమిదేళ్లు పోరాడినారు. చివరకు 2025 అక్టోబరు 14న భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఇటువంటి పానీయాల పేర్లలో ఓ.ఆర్.ఎస్. అనే మాట వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మన తెలుగు డాక్టరమ్మ చేసిన ఈ పనికి మనమందరము కృతజ్ఞులము. అయితే డబ్బా మీద పేరు మారినంత మాత్రాన లోపలి చక్కెర తగ్గదు. పేరు చూసి కాదు, లోపల ఏముందో చూసి కొనవలెను.

మరి నష్టం భేదుల రోజున మాత్రమేనా? కాదు. 250 మిల్లీలీటర్ల సీసాలో ఐదారు చెంచాల చక్కెర ఉంటుంది. రోజూ తాగితే పండ్లు పుచ్చుతాయి, ఒళ్లు పెరుగుతుంది, సంగటి, పప్పు తినవలసిన ఆకలి చచ్చిపోతుంది. బడి ఆవరణకు 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న వాటిని అమ్మరాదని 2020లోనే నిబంధన చేసినారు. బడి దగ్గర వద్దన్నదానిని మనము ఇంట్లో ఫ్రిజ్జులో పెట్టుకోవచ్చునా?

"ఓ.ఆర్.ఎస్. రుచి ఉండదు, పిల్లోడు ఉమ్మేస్తాడు" అని అవ్వలు అంటారు. నిజమే. గ్లాసుతో పెడితే ఉమ్మేస్తాడు. ఒక్కొక్క చెంచా, ఓపికగా పెడితే తాగుతాడు. "సోడా తాగితే కడుపు తేలికవుతుంది" అని కూడా అంటారు. ఆ తేలిక తేన్పు వచ్చినంతసేపే. దానివల్ల భేదులు తగ్గవు.

కాబట్టి దయచేసి ఇవి గుర్తు పెట్టుకోండి. పొడి ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉన్నదే తీసుకోండి. ఆశా కార్యకర్తను అడగండి. లీటరు ప్యాకెట్టు మొత్తాన్ని లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒకేసారి కలపండి. సగం సగం కలపవద్దు, చక్కెర చేర్చవద్దు. 24 గంటల తరువాత మిగిలినది పారబోయండి. భేది అయిన ప్రతిసారి రెండేళ్ల లోపు బిడ్డకు పావు నుండి అర గ్లాసు, పెద్ద పిల్లలకు అర నుండి ఒక గ్లాసు తాపించండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ నిదానంగా మొదలు పెట్టండి. చనుబాలు మాన్పించవద్దు. ప్యాకెట్టు దొరికేలోపు ఉప్పు వేసిన గంజిగానీ పలుచని మజ్జిగగానీ ఇవ్వండి. డాక్టరు రాసిన జింకు మాత్రలు భేదులు తగ్గినా 14 రోజులు వాడండి. బిడ్డ మగతగా ఉన్నా, కళ్లు లోపలికి పోయినా, ఒంటికి పోకున్నా, భేదిలో రక్తం పడినా, ఏమి తాపించినా వాంతి చేసుకుంటున్నా, ఆలస్యం చేయక 108కి ఫోను చేసి ఆసుపత్రికి రండి.

చివరిగా ఒక మనవి. రోగిని చూడవచ్చేటప్పుడు కూల్‌డ్రింకు సీసాలు తేవడం మర్యాదగా మారింది. పిల్లల వార్డుకు అవి తేవద్దని మేము కోరుతున్నాము. ఆదివారపు బడి పిల్లలకు కూడా పండుగకు సీసాలు పంచే బదులు మజ్జిగో, అరటిపండో, వేరుశనగ ఉండలో పంచమని సంఘ పెద్దలను వేడుకుంటున్నాము. మేము కూడా మా నర్సుల గదిలో సీసాలు మానేసినాము. మీకు చెప్పే ముందు మేము చేయవలెను కదా.

చిన్నబిడ్డలకు గుక్కెడు చల్లని నీళ్లు ఇచ్చేవారిని గూర్చి ప్రభువు చెప్పిన మాట మనమందరము ఎరుగుదుము. ఆ నీళ్లే చాలు. దాహమైన బిడ్డకు శుభ్రమైన నీళ్లు, భేదులైన బిడ్డకు ఓ.ఆర్.ఎస్. ఇద్దాము.

నర్సింగ్ సూపరింటెండెంట్