తెర మీది సిలువ



క్రిస్మస్ సెలవులకు పిల్లలు కోటకు వచ్చినప్పుడెల్లా మా యింట తప్పక చూచే సినిమా ‘కరుణామయుడు’. 1978లో భీంసింగ్ గారి దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రంలో విజయచందర్ గారు యేసుప్రభువు పాత్ర ధరించారు. ఒకప్పుడు పల్లెల్లో తెర కట్టి చూపగా, ఇసుకలో చాపలు పరచుకొని చూచినవారము. సిలువ దృశ్యం వస్తే నేటికీ మాకు కన్నీరాగదు.

నిరుడు అది చూస్తూ మనుమరాలు అడిగింది: “తాతా, కొట్టినవాళ్ళనే ప్రభువు క్షమించాడు గదా! మరి చిన్నతాత మనింటికి ఎందుకు రాడు?”

గట్టు తగాదా వలన తొమ్మిదేండ్లుగా మాటల్లేవు. జవాబు చెప్పలేకపోయాము. మరునాడు అరిసెలు తీసుకొని వాళ్ళింటికి వెళ్ళాము. తమ్ముడు మాట్లాడలేదు. మరదలు మంచినీళ్ళిచ్చింది.

ఈ క్రిస్మస్‌కు మరల వెళ్తాము. మా కొరకు ప్రార్థించండి.